ఒకే వేడి, మూడు నేలలు

బనగానపల్లె,
మంగళవారం, 8 ఏప్రిల్ 2025.

తమ్ముడు శామ్‌కు,

మన ప్రభువు నామమున అక్క రెజీనా వందనాలు. బేతంచెర్లలో నువ్వూ, దీవెనా, పిల్లలూ ఆయన రెక్కల నీడన చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఇక్కడ నేనూ సుఖమే. మామిడి ఈ ఏడు పూత బాగానే నిలిచింది కానీ గాలికి పిందె రాలిపోయిందని తోటలవాళ్ళు తలలు పట్టుకున్నారు. ఎండ సంగతి నీకు నేను చెప్పనక్కర్లేదు.

దీవెనా, ఈ కవరు ముందు నీ చేతికే వస్తుందని నాకు తెలుసు. మీ ఆయన నా ఫోను ఎత్తడం మానేసి నెల దాటింది. వాట్సాప్‌లో పెట్టింది చూస్తాడు, నీలం గీతలు పడతాయి, జవాబు మాత్రం రాదు. నేనే బస్సెక్కి వచ్చేదాన్ని. వస్తే అక్కాతమ్ముళ్ళం మీ వాకిట్లో అరుచుకుంటాం, మీ రాళ్ళ ఫ్యాక్టరీ పనివాళ్ళకు వినోదం. అందుకని రాస్తున్నాను. వాడు అన్నానికి కూచున్నప్పుడు నువ్వు పక్కన కూచుని ఇది గట్టిగా చదువు తల్లీ. మధ్యలో చెయ్యి కడుక్కోవడానికి లేస్తే, వెనకాలే వెళ్ళి చదువు.

శామ్, నాకు కావలసింది ముందే చెప్పేస్తాను. గుడి ముందర నువ్వు పరిపించిన నల్లబండల మీద గుడ్ ఫ్రైడే ఆరాధనకు గోనెపట్టలు పరచాలి. మూడు మడతలు వేసి, కుట్టించి, గోడ నుంచి గోడ దాకా. సంఘపెద్దలు వద్దంటున్నారు. వాళ్ళలో పెద్దాయన లేవి మామ నాతో ఒకటే మాట అన్నాడు: రాయి ఇచ్చినోడు శామ్, వాడు సరే అంటే మాకేం అడ్డంల్యా, వాడు అనకుండా మేం కప్పితే వాని ముఖం మీద గుడ్డ కప్పినట్టు గదమ్మా అని. కాబట్టి నీ నోటి నుంచి ఒక్క మాట కావాలి. ఈ ఆదివారమే మట్టల ఆదివారం, ఆ లోపల కావాలి. ఆ మాట తీసుకోకుండా నేను వదిలిపెట్టను, అది నీకూ తెలుసు.

ఇప్పుడు ఆ రోజు సంగతి. అమ్మ సంవత్సరీకానికి బండలు ప్రతిష్ఠ చేయించావు. మెట్టు దగ్గర రాయి మీద కృపమణి అని అమ్మ పేరు చూసి నాకు కళ్ళు నిండాయి. అది నువ్వు చూడలేదు, పాలిష్ సరిగ్గా ఉందా లేదా అని వంగి చూసుకుంటున్నావు. ప్రార్థన అయ్యాక నేను అన్నది ఒకటే. నల్లరాయి ఎండకు కాగుతుందిరా, మన గుడికి వచ్చేవాళ్ళు గేటు బయటే చెప్పులు వదిలేస్తారు, లోపల చోటు చాలక సగంమంది ఈ బయటే కూచుంటారు, గుడ్ ఫ్రైడేకి పన్నెండు నుంచి మూడు దాకా ఇక్కడ మోకాళ్ళ మీద ఉంటారు, వాళ్ళ గతేమిటి అన్నాను. మెల్లగా చెప్పాననే అనుకున్నాను. దీవెన మాత్రం మీరు మైకులో చెప్పినట్టు చెప్పారు వదినా అంది.

అంతే, నువ్వు ఫ్యాక్టరీ నుంచి ఆ వేడి చూసే గన్ను తెప్పించావు. బండ మీద గురిపెడితే యాభై ఎనిమిది డిగ్రీలు. బండలు చాలక గోడవారగా మిగిలిన పాత మట్టి మీద గురిపెడితే అదీ యాభై ఎనిమిదే. అందరికీ తిప్పి తిప్పి చూపించావు. చూడక్కా, నీ మట్టీ అంతే ఉండాది, నా రాయీ అంతే ఉండాది, ఇన్నేండ్లు ఆ మట్టిలో కూచోలేదా మనోళ్ళు, ఇంగేం చెప్తావు అన్నావు. అందరూ నవ్వారు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు ఫిజిక్స్ చెప్పేదాన్ని, బొమ్మ తుపాకీ లాంటిది నాకు పాఠం చెప్పింది. అది చూపేది ఉష్ణోగ్రతరా, అది ఇచ్చే వేడి కాదు అన్నాను. ఇంకా నవ్వారు. రెండూ ఒకటి కాకపోతే రెండుంటాయా టీచరమ్మా అని లేవి మామ కూడా అన్నాడు.

ఆ తర్వాత నువ్వు అన్నది నేను మళ్ళీ రాయను. అమ్మకు నువ్వేం పెట్టినావ్ అన్నావే, అది. సరే, రాసేశాను. ఆ మాటకు నేను ఇంటికొచ్చి రెండు రోజులు కాలేజీకి పోలేదు. అసూయ అనుకున్నావు. నీ రాయి మీద నాకు అసూయ ఏమిట్రా, అమ్మ పేరు అంత చక్కగా చెక్కించింది నువ్వే కదా. కోపం మాత్రం ఉంది, అది ఇంకా పోలేదు, ఉన్నట్టే రాస్తున్నాను.

ఆ రోజు చెప్పలేని జవాబు ఇప్పుడు చెబుతాను. తీరిగ్గా విను.

నీ గన్ను అబద్ధం చెప్పలేదు. మట్టీ, బండా, పక్కన పడేసిన గోనెసంచీ, మూడూ ఒకే ఎండలో యాభై ఎనిమిదిలోనే ఉంటాయి. ఒట్టి మట్టి అయితే ఒక్కోసారి రాయికన్నా ఎక్కువ కూడా చూపిస్తుంది. తేడా ఉన్నది ఆ అంకెలో కాదు, కాలు ఆనినప్పుడు ఏం జరుగుతుందన్నదాంట్లో. నీ కాలు ముప్పై నాలుగులో ఉంటుంది. ఆనగానే నేల వేడి ఇస్తుంది, కాలు తీసుకుంటుంది. మొదట ఇచ్చేది పైపొర. ఆ పైపొర చల్లబడగానే లోపలి నుంచి వేడి పైకి రావాలి. లోపల వేడి నిలవ ఉండాలి, అది పైకి చేరడానికి దారీ ఉండాలి. రెండూ ఉన్న వస్తువు ఇస్తూనే ఉంటుంది. గోనెపట్టకు రెండూ లేవు. పైన ఉన్నది కాస్త ఇచ్చేసి చేతులెత్తేస్తుంది. మట్టి నడుమ రకం. నీ బండకు రెండూ దండిగా ఉన్నాయి.

దీన్ని లెక్కలో పెట్టాలంటే మూడు గుణాలు కావాలి. వేడిని ఎంత సులువుగా పోనిస్తుంది, అది ఉష్ణవాహకత. ఎంత బరువైన పదార్థం, అది సాంద్రత. ఒక కిలోని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి మింగుతుంది, అది విశిష్టోష్ణం. ఈ మూడింటినీ గుణించి వర్గమూలం తియ్యాలి. చూడడానికి బియ్యాన్నీ, బస్సు టికెట్టునీ, పెళ్ళి శుభలేఖనీ కలిపి గుణించినట్టే ఉంటుంది. బోర్డు మీద రాస్తే ప్రతి ఏడూ వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు, ఇట్లాంటిది యాడైనా ఉంటాదా మేడం, పరీక్ష కోసం కట్టిందేనా అని అడుగుతారు. ఇంగ్లీషులో దాని పేరు ఎఫ్యూజివిటీ. తెలుగులో నలుగురూ అనే పేరు నాకు కనబడలేదు, నేను క్లాసులో ఇచ్చేగుణం అంటాను. ఎందుకు గుణించాలో ఇప్పుడు నీకు తెలుసు. వెనకటి రెండూ కలిస్తే నిలవ, మొదటిది దారి. ఏది లేకపోయినా ఇవ్వడం ఆగిపోతుంది.

ఈ గుణంతో లెక్క వేశాను. నీ గన్ను చూపిన అదే యాభై ఎనిమిదికి వేశాను, నా ఇష్టం వచ్చిన అంకెకు కాదు. నల్లబండ మీద ఆనిన అరికాలి చర్మం దాదాపు నలభై తొమ్మిదికి పోతుంది. పాత మట్టి మీద నలభై రెండు. గోనెపట్ట మీద ముప్పై ఏడు కూడా దాటదు, అది మన ఒంటి వేడే. నలభై రెండులో కాలు చుర్రుమంటుంది కానీ ఓర్చుకోవచ్చు, మన అమ్మా అవ్వా ఓర్చుకున్నారు. నలభై తొమ్మిదిలో కొన్ని నిమిషాలు చాలు, చర్మం లోపల దెబ్బతింటుంది. నమ్మకపోతే ఏ కాలిన గాయాల డాక్టరునైనా అడుగు.

ఇంకొకటి ఉంది, ఇది నీకు నచ్చుతుంది. ఆ ఇచ్చేగుణానికి కొలత రాస్తే అందులో సెకనుకు వర్గమూలం వస్తుంది. పిల్లలు పడిపడి నవ్వుతారు. సెకనుకు వర్గమూలం ఏంది మేడం, గడియారంలో యాడుంటాదది అంటారు. దాని అర్థం చాలా మామూలు. నాలుగింతల సేపు నిలబడితే కాలికి చేరే వేడి నాలుగింతలు కాదు, రెండింతలు. లోపలి వేడి దూరం నుంచి రావాలి కాబట్టి రాను రాను జోరు తగ్గుతుంది. తగ్గుతుందే కానీ ఆగదు. గంట మోకాలేసి ఉన్నవాళ్ళకు ఆ గంటా చేరుతూనే ఉంటుంది. అలవాటు పడితే తెలియదులే అన్నావు చూడు, తెలియకపోవచ్చు, చేరడం మాత్రం చేరుతుంది.

నీళ్ళు కొడితే సరిపోదా అని లేవి మామ అన్నాడు. ఆరాధనకు ముందు నాలుగు కడవలు పోస్తే చల్లగయితాది గదమ్మా అని. పోసి చూశాం. చల్లబడింది. మామ మీసం దువ్వుకున్నాడు. అరగంట దాటి మళ్ళీ చెయ్యి పెట్టి చూడమన్నాను. పెట్టి వెంటనే తీసేశాడు. అవే మూడు గుణాలు, ఈసారి గుణించడానికి బదులు వాహకతను మిగతా రెండింటి లబ్ధంతో భాగించాలి. అప్పుడు వచ్చే కొలత సెకనుకు ఇన్ని చదరపు సెంటీమీటర్లు. నేల కొలిచే కొలత వేడికెందుకు అంటావేమో. వేడి లోపల ఎంత తొందరగా పాకుతుందో అది చెబుతుంది, దాన్ని నేను పాకేగుణం అంటాను. మందం రెండింతలైతే వేడి పైకి రావడానికి నాలుగింతల సేపు పడుతుంది, అందుకని చదరం. నీ బండ రెండంగుళాలు. అడుగున పొద్దుటినుంచి దాచుకున్న వేడి పైకి రావడానికి అరగంటో ముప్పావుగంటో చాలు. అంటే పాట అయిపోయి, సిలువ మీది ఏడు మాటల్లో మొదటి మాట మీద ప్రసంగం మొదలయ్యేసరికి బండ మళ్ళీ కాగి ఉంటుంది. అప్పుడు లేచి కడవలు మోసేదెవరు? షామియానా అంటావా, వాళ్ళు పదకొండుకు వచ్చి గుంజలు పాతుతారు. బండ అప్పటికే తాగవలసిన ఎండ తాగేసి ఉంటుంది.

చెప్పులు వేసుకోమనండి అని నువ్వు దీవెన చేత చెప్పించావట. పాస్టరు అయ్యగారు పోయిన నెలలోనే ప్రభువు బల్ల దగ్గర నిలబడి ప్రకటించారు, ఈ ఎండాకాలం ఆవరణలో చెప్పులతో కూచోవచ్చు, దేవుడేమీ అనుకోడు అని. ఒక్కరు వేసుకున్నారా? గురమ్మవ్వ, అదే, అమ్మ పక్కన ఎప్పుడూ కూచునే ముసలమ్మ, చెప్పులు తీసి సంచిలో పెట్టుకుని మరీ వచ్చింది. నేను వెళ్ళి, అవ్వా, కాళ్ళు కాల్తాయి అన్నాను. ఆయప్ప మేకులు కొట్టించుకున్యాడే, నా కాలు రవ్వంత కాల్తే ఏమాయ బిడ్డా అంది. నేను కాలుతుందని ఎంత గట్టిగా చెబితే వాళ్ళకు అంత ముద్దొస్తోంది ఆ రాయి. గుడ్ ఫ్రైడేకి ముందటి ఈ శ్రమదినాల్లో శ్రమ వెతుక్కునేవాళ్ళకు కొలిమి చూపించినట్టయింది నా పని. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది శామ్. మన జనం అంటే నాకు ప్రాణం, వాళ్ళ మొండితనం చూస్తే ఒళ్ళు మండుతుంది.

అందుకని పోయిన శుక్రవారం మధ్యాహ్నపు ప్రార్థన అయ్యాక అందరినీ ఆవరణలో ఆపాను. మాటలతో వినరు, కాళ్ళతోనైనా వింటారని. బండ మీద ఒక చోటు, మట్టిలో ఒక చోటు, బండ మీదే గోనెపట్ట వేసి ఒక చోటు. గుడి చూసుకునే ఏసుబాబును ముందు పిలిచాను. మట్టి మీద ముఖం చిట్లించాడు. గోనె మీద హాయిగా నిలబడి, ఈడ్నే ఉంటానమ్మా అన్నాడు. బండ మీద పెట్టిన కాలు పెట్టినట్టే ఎగిరి దూకాడు. అందరూ నవ్వారు, ఈసారి నా వైపు నవ్వారు. గెలిచేశాననుకున్నాను. ఇంకేముంది, టీచరు బుద్ధి, అక్కడే బండ మీద నిలబడి ఇచ్చేగుణం, పాకేగుణం, వర్గమూలం అని మొదలుపెట్టాను. పది నిమిషాలో పావుగంటో అయి ఉంటుంది. జనం నా ముఖం చూడడం మానేసి నా కాళ్ళు చూస్తున్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు లేవి మామ అన్నాడు: టీచరమ్మ చెప్పుల్లేకుండా దాని మీదనే నిలబడి పాఠం చెప్తాండాది గదప్పా, ఇంగ యాడ కాల్తాండాది?

పాఠం చెప్పేటప్పుడు నాకు ఒళ్ళు తెలియదు మామా అన్నాను. చాక్‌పీసు పట్టుకుంటే ఆకలి కూడా తెలియదు నాకు, నీకు తెలుసు కదా. అదంతా ఎవరు వింటారు. ఏసుబాబు గంతు పోయింది, నా నిలబడడం మిగిలింది. ఈ కబురు నీకు ఆ సాయంత్రానికే చేరిందనీ, అక్క తన మాట తానే తప్పని చూపించుకుంది అని నవ్వావనీ విన్నాను. నవ్వుకో.

కానీ నేను మానలేదు. మానను. ఆదివారం సంఘపెద్దల మీటింగులో మళ్ళీ ఈ మాట ఎత్తాను. దేవుని ఆవరణలో గోనెసంచులేందమ్మా, మార్కెట్ యార్డా ఇది అని లేవి మామ చిరాకుపడ్డాడు. మామా, దుఃఖపడేవాళ్ళు వెనకటి కాలంలో గోనెపట్ట కట్టుకుని కూచునేవాళ్ళని పోయిన శుక్రవారమే కదా అయ్యగారు ప్రసంగం చేసింది, గుడ్ ఫ్రైడేకి అంతకన్నా తగిన పరుపు ఏముంది, కావాలంటే పాలిష్ రాయి మీద దుఃఖపడినట్టు ఎక్కడైనా ఉంటే చూపించు అన్నాను. అయ్యగారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు మామ, రాయి ఇచ్చినోడు సరే అంటే అన్న మాట దగ్గరికి వచ్చాడు. అలా నీ దగ్గరికి వచ్చి ఆగింది ఇది.

నీ మనసులో ఉన్నది నాకు తెలుసు. కప్పేస్తే ఆ రాయి ఎవరికీ కనబడదు, అమ్మ పేరు గోనె కింద పోతుంది అని. పోదు. మెట్టు దగ్గరి పేరు రాయిని కప్పనివ్వను, అక్కడ ఎవరూ మోకాలెయ్యరు. మిగతాది కూడా ఆ మూడు గంటలకే. సాయంత్రం నేనే దగ్గరుండి తీయించి కడిగిస్తాను. క్రిస్మస్‌కు, చలికాలంలో పొద్దుటి ఆరాధనకు నీ బండల మీద జనం ఎంత మురిసిపోతారో చూడు. నేను నీ రాయిని తప్పుబట్టడం లేదు. ఒక్క మధ్యాహ్నాన్ని తప్పుబడుతున్నాను.

అమ్మకు నేనేం పెట్టానన్నావు కదా. ఏమీ పెట్టలేదు. పెట్టడానికి నా దగ్గర ఉన్నది నాకు వచ్చిన చదువు ఒక్కటే, అది ఇప్పుడు పెడుతున్నాను. అమ్మ పక్కన కూచున్నవాళ్ళు అమ్మ పేరు చెక్కిన రాళ్ళ మీద కాళ్ళు కాల్చుకుని ఇంటికి పోకూడదు. నువ్వు కూడా అది కోరుకోవు. కోపంలో ఉన్నావు కాబట్టి ఒప్పుకోవు, అంతే. కోపం తర్వాత పడదాం, నాకూ చాలా ఉంది, ఇద్దరం తీరిగ్గా పోట్లాడుకుందాం. ముందు లేవి మామకు ఒక ఫోన్ చెయ్యి.

గోనెలు కుట్టించేశాను. ఏసుబాబు గుడి వెనక గదిలో పేర్చాడు. నువ్వు సరే అన్నా అనకపోయినా గుడ్ ఫ్రైడే పొద్దున నేను గేటు దగ్గర ఉంటాను. నువ్వు సరే అంటే పరచడానికి, అనకపోతే ఒక్కొక్కరి కాళ్ళ కింద ఒక్కొక్క ముక్క వెయ్యడానికి. అందరి ముందు నన్ను ఆపాలంటే నువ్వే రావాలి, వస్తే కనీసం నీ ముఖమైనా చూస్తాను.

పిల్లలకు ముద్దులు. దీవెనా, గొంతు ఎండిపోయి ఉంటుంది, నీళ్ళు తాగు.

ప్రభువునందు నిన్ను విడిచిపెట్టని
నీ అక్క,
రెజీనా

తా.క. దీవెనా, ఇక్కడి నుంచి మెల్లగా చదువు, పిల్లల్ని బయటికి పంపు.

పైన నేను సుఖమే అని రాశాను, అది నిజం కాదు. పాఠం చెప్పేటప్పుడు ఒళ్ళు తెలియదన్నది కూడా నిజం కాదు, అప్పుడు నాకు తోచిన మాట అది. శుక్రవారం ఇంటికి వచ్చి చెప్పులు విప్పితే లోపల తడిగా ఉంది. ఎక్కడో నీళ్ళు తొక్కాననుకున్నాను. కూచుని కాలు ఎత్తి చూస్తే రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి ఉన్నాయి, ఒకటి చిట్లింది. నొప్పి లేదు శామ్. వేలితో నొక్కినా లేదు. నాకు ఏడుపు వచ్చింది దానికే.

శనివారం నంద్యాలకు వెళితే అక్కడ డాక్టరమ్మ కళ్ళు మూసుకోమని, అరికాలికి సన్నటి దారం లాంటిది తగిలిస్తాను, తగిలినప్పుడల్లా చెప్పండి అంది. ఎప్పుడు మొదలుపెడుతుందా అని ఎదురుచూస్తున్నాను. అయిపోయింది, కళ్ళు తెరవండి అంది. షుగరు చాలా ఏళ్ళుగా ఉందట, నాకు తెలియకుండానే. పాదాల్లో నరాలు పోయాయట. రెండు కాళ్ళకూ కట్లు కట్టింది, నేల మీద ఆనించవద్దంది. ఆదివారం మీటింగుకు ఏసుబాబు ఆటోలో తీసుకెళ్ళాడు, చీర కుచ్చెళ్ళు కిందికి దించి కట్టుకుని కుర్చీ దిగకుండా మాట్లాడాను. బస్సెక్కి నీ దగ్గరికి రానిది అందుకే.

ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఏమైందో విను. ఆ రోజు నేను నిలబడింది మన జనానికి మహిమ అయి కూచుంది. గురమ్మవ్వ ఇంటికి వచ్చి, దేవుడు నీ కాళ్ళు కాచినాడు బిడ్డా, నన్నూ కాస్తాడు, నాకు గోనె వొద్దు అంది. ఆమెకూ షుగరే. ఆమె వెంట ఇంకా కొంతమంది ఉన్నారు, వాళ్ళలో ఎంతమందికి కాళ్ళు తెలుస్తాయో నాకు తెలియదు, వాళ్ళకూ తెలియదు. నన్ను చూసి మోకాలేస్తారు. అది కృప కాదు, జబ్బు అని మట్టల ఆదివారం నేనే బల్ల ముందర కట్లు విప్పి చూపిస్తాను. సిగ్గుగానే ఉంటుంది, అయినా చూపిస్తాను. అప్పుడు నాకు తోడుగా నువ్వు నా పక్కన ఉండాలి, గోనెలకు సరే అని అందరి ముందు నువ్వే చెప్పాలి. ఇక నేను అడిగేది ఇదే.

ఒకటి మిగిలింది. నువ్వు నాకన్నా మూడేళ్ళే చిన్న, షుగరుకు రక్తం ఎప్పుడూ చూపించుకోలేదు. రేపు మధ్యాహ్నం ఫ్యాక్టరీ ముందర ఎండలో ఉన్న బండ మీద ఒట్టి కాలు ఒక్కసారి పెట్టు. చురుక్కుమని దూకితే ప్రభువుకు స్తోత్రం చెప్పుకో, నా మీద కోపం ఉంచుకున్నా పరవాలేదు. ఏమీ అనిపించకపోతే వెంటనే దిగి నాకు ఫోన్ చెయ్యి నాయనా.